సుభద్ర గారు పరీక్షించిన తుపాకీ

మొన్న శనివారం మా నాలుగేళ్ళ అమ్మాయికి సాకర్ బూట్లు కొనడానికి ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాను. బూట్ల వరస దాటితే తుపాకుల కౌంటరు, ఈ దేశంలో రెండూ ఒకేచోట అమ్ముతారు. అక్కడెవరో ఒక రైఫిల్‌ని గుడ్డతో తుడుస్తున్నారు. కుట్టుమిషన్ నూనెకి కాస్త ఘాటు కలిపినట్టుండే ఆ వాసన తగలగానే ఇంకొకరికైతే వేట గుర్తుకొచ్చేదేమో, నాకు సుభద్ర గారు గుర్తుకొచ్చారు. ఆవిడ జీవితంలో తుపాకీ ముట్టుకుని ఎరగరు. అయినా ఒకప్పుడు నేను కొనబోయిన తుపాకీని ఆవిడ పరీక్షించినంత క్షుణ్ణంగా ఆ కౌంటరులో వాళ్ళు కూడా పరీక్షించి ఉండరు. బూట్లు చేతిలో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మోరిస్‌విల్‌లో నా మొదటి ఆఫీసులో ఆవిడ టెస్టింగ్ టీమ్‌కి లీడ్. కరీంనగర్ మనిషి. అప్పటికే యాభై దాటాయి. నూలు చీర మీద స్వెటర్ వేసుకుని, స్పోర్ట్స్ షూ తొడుక్కుని, చేతిలో ప్రింటు తీసిన కాగితాలతో వచ్చేవారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళం మేము, వాటిలో తప్పులు పట్టేది ఆవిడ. చేరిన వారంలోనే నా మొదటి స్క్రీన్ ఆవిడ చేతికి వెళ్ళింది. ఫోన్ నెంబర్ అడిగే గడిలో ఆవిడ తన పేరు టైప్ చేశారట, ప్రోగ్రాం మొత్తం కుప్పకూలింది. ఉక్రోషం ఆపుకోలేక, "అలా ఎవరూ టైప్ చెయ్యరండీ" అన్నాను. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, "నేను జేసిన గద బిడ్డా" అన్నారు. అదీ పదిమంది ఉన్న మీటింగులో. ఆవిడకి మొహమాటం అనేది లేదు. తప్పు ఎక్కడ కనిపిస్తే అక్కడే, అందరి ముందే చెప్పేసేవారు. మొదటి ఆర్నెల్లు ఆవిణ్ణి చూస్తే ఒళ్ళు మండేది. ఆ తర్వాత మెల్లగా, ఏది రాసినా ముందు ఆవిడకి చూపిస్తేగాని ధైర్యం చాలని స్థితికి వచ్చాను. కారు కొన్నప్పుడు వేసుకున్న లెక్కల కాగితం కూడా ఆవిడకి చూపించాను. మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకునేవాళ్ళం. ఆవిడ తెచ్చే సర్వపిండి కోసం నా పెరుగన్నం పక్కకి నెట్టేసేవాణ్ణి.

మా పాపకి ఎనిమిదో నెల నడుస్తుండగా మా అపార్ట్‌మెంట్‌లో దొంగలు పడ్డారు. పట్టపగలు, పదకొండు గంటలకి. మాది కింది అంతస్తు. వెనక ఉన్న అద్దాల తలుపు పెకలించుకుని ఇద్దరు లోపలికొచ్చారు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని వాళ్ళకి ఎలాగో తెలుసు. నా భార్య శిరీష వంటింట్లోంచి వాళ్ళ నీడ చూసి, పాపని ఎత్తుకుని బాత్‌రూంలో దూరి గడియ పెట్టుకుంది. పాప ఏడవకుండా నోటికి పాలసీసా అందించి, స్నానాల తొట్టిలో కూర్చుందట. పోలీసులు వచ్చిన పావుగంటకి నేను వచ్చాను. వాళ్ళు నగలూ, ఒక లాప్‌టాపూ పట్టుకుపోయారు. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి శిరీషకి నిద్ర లేదు. పగలు కూడా బాత్‌రూం తలుపు తెరిచే ఉంచి, దానికి ఎదురుగా కూర్చునేది. నాతో అవసరమైనంతవరకే మాట్లాడేది. భయం వల్లే అలా ఉందనుకున్నాను, లేక అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

నేను తుపాకీ కొనాలని తీర్మానించాను. గ్రీన్‌కార్డు వచ్చేసింది కాబట్టి చట్టం అడ్డు లేదు. పిస్తోలుకైతే షెరిఫ్ ఆఫీసు నుంచి పర్మిట్ తెచ్చుకోవాలి, రైఫిల్‌కి ఆ తిరుగుడు లేదు. దుకాణంలో ఒక పెద్దాయన బుల్‌పప్ అనే పొట్టి రకం చూపించాడు. మామూలు రైఫిల్‌లో తూటాలుండే మ్యాగజైన్, పేలే భాగం ట్రిగ్గర్‌కి ముందుంటాయి. దీనిలో అవన్నీ ట్రిగ్గర్‌కి వెనక, భుజానికి ఆనించుకునే చోట సర్దేస్తారు. బ్యారెల్, అంటే గొట్టం, పొడుగు తగ్గకుండానే తుపాకీ మొత్తం పొడుగు రెండడుగుల చిల్లరకి దిగుతుంది. ఇరుకు నడవాలో గోడకి తగలకుండా తిప్పుకోవచ్చు. దాన్ని చేతిలోకి తీసుకుని భుజానికి ఎత్తగానే నా మీద నాకు కొంచెం గౌరవం తిరిగొచ్చినట్టనిపించింది. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, నిజంగా అలాగే అనిపించింది.

ఇంటికొచ్చి నాకు తెలిసిన విద్య ప్రదర్శించాను. ఎక్సెల్ షీటు తెరిచి నాలుగు మోడళ్ళు, పద్దెనిమిది వరసలు. మంచి వైపు: పొట్టిది, బరువంతా ఒంటికి దగ్గరగా ఉంటుంది, గురి నిలకడగా ఉంటుంది. చెడ్డ వైపు: ట్రిగ్గర్ నుంచి వెనక భాగానికి పొడుగాటి కడ్డీ ఉండటం వల్ల నొక్కితే మెత్తగా, బరువుగా ఉంటుంది, మ్యాగజైన్ చంక దగ్గర ఉంటుంది కాబట్టి మార్చడం ఆలస్యం, పేలుడు చెంప పక్కనే జరుగుతుంది కాబట్టి మోత ఎక్కువ. ఇంకొకటి, పేలిన తూటా డొల్లలు కుడివైపుకి ఎగిరిపడతాయి. కుడిచేతివాళ్ళకి ఇబ్బంది లేదు. ఎడమ భుజానికి ఆనించేవాళ్ళకి మాత్రం కాలుతున్న డొల్ల మొహం మీదికే వస్తుంది. ఆ వరసలో నాలుగు గడుల్లోనూ 'వర్తించదు' అని నింపేశాను.

అలవాటు ప్రకారం ప్రింటు తీసి భోజనాల బల్ల దగ్గర సుభద్ర గారి ముందు పెట్టాను. ఆవిడ నవ్వలేదు, వద్దని కూడా అనలేదు. ఎర్ర పెన్ను తీసి పై నుంచి కింద దాకా చదివారు.

"మంచిగ జేసినవ్," అన్నారు. "ఇది వాడేది ఎవరు?"

"అదేంటండీ, మేమే."

"మేమంటే? దొంగలు వచ్చిన యాళ్ళకు ఇంట్ల ఎవరున్నరు?"

"శిరీష."

"శిరీష ఏ చేత్తోని రాస్తది?"

శిరీషది పుర్రచేయి. పెళ్ళిలో జీలకర్ర-బెల్లం కూడా ఎడమచేత్తో పెట్టబోతే పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపారు. నాలుగు మోడళ్ళ బ్యారెల్ పొడుగు అంగుళాల్లో చెప్పగల నాకు, ఆ గడి నింపేటప్పుడు నా భార్య ఏ చేతిమనిషో గుర్తుకురాలేదు. సుభద్ర గారు ఆ 'వర్తించదు' చుట్టూ ఒక సున్న చుట్టి, "శనివారం మీ ఇంటికొస్త. టెస్ట్ జేద్దాం," అన్నారు.

శనివారం పొద్దున పదింటికి వచ్చారు, సర్వపిండి డబ్బాతో సహా. టీ తాగి, ఎవరి అనుమతీ అడక్కుండా పని మొదలుపెట్టారు. తుపాకీ అంత పొడుగు, అంత బరువు ఉన్నదేదైనా తెమ్మంటే నా పనిముట్ల పెట్టె తెచ్చాను. పాప చేతికి అందకూడదు కాబట్టి అల్మారాలో పై అరలో పెట్టమన్నారు. తాళం వేసినట్టు అనుకోమన్నారు. శిరీషని పాపని ఎత్తుకుని వంటింట్లో నిలబడమన్నారు.

"వాళ్ళు గా తలుపుల నుంచి వచ్చిన్రు. ఇగ పో బిడ్డా, తీసుకో."

శిరీష పాపతో అల్మారా దాకా నడిచింది. చెయ్యి ఎత్తింది. పెట్టె ఒంటిచేతికి లొంగేది కాదు. పాపని చూసింది, నేలని చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"పాపని ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

నా పద్దెనిమిది వరసల్లో పాప లేదు. సుభద్ర గారే పెట్టెని కిందికి దించి పక్కన పెట్టి, సోఫాలో శిరీష పక్కన కూర్చున్నారు.

"ఈయన ఏమేమి కొనాల్నో రాసుకున్నడు. నీకేం గావాలె? నిన్ను అడిగిండా?"

శిరీష పాప సాక్సు సరిచేసింది. "నాకేం వద్దు ఆంటీ," అంది. "ఆ రోజు ముందు తనకే కాల్ చేశాను. రెండుసార్లు. పోలీసుల నెంబరు, నైన్ వన్ వన్, నాకు ఆ తర్వాతగాని తట్టలేదు. తను ఎత్తలేదు."

"రిలీజ్ మీటింగ్‌లో ఉన్నాను కదా," అన్నాను. "ఫోన్ సైలెంట్‌లో ఉంది. చూసుకోలేదు." పోలీసులు ఉన్నప్పుడూ అదే చెప్పాను. ఈసారి ఇంకా తేలిగ్గా వచ్చింది నోట్లోంచి.

సుభద్ర గారు నా వైపు చూశారు. పది మందిలో నా పరువు తీసిన మనిషి, నోట్లో మాట నిలవని మనిషి. అప్పుడు మాత్రం ఏమీ అనలేదు. పాప తల నిమిరి, శిరీషని పైఅంతస్తు ఇల్లు చూసుకోమని, అపార్ట్‌మెంట్ల మేనేజ్‌మెంట్ వాళ్ళతో తనే మాట్లాడతానని చెప్పి లేచారు. కారు దాకా దిగబెట్టడానికి నేనూ వెళ్ళాను. తాళం తీసి, తలుపు తెరవకుండా ఆగిపోయారు.

"ఆ రోజు మీటింగ్‌ల నీ పక్కన కూసున్నది నేనే," అన్నారు.

నేను వెనక్కి తిరిగి మా ఇంటి తలుపు వైపు చూశాను.

"ఫోన్ మీద ఆమె పేరొచ్చింది. నువ్వు కట్ జేసినవ్. మల్లొచ్చింది. మల్ల కట్ జేసి బోర్లేసినవ్. నేను సుత చూసిన. కూర ఏం వండాల్ననో ఏమో అడుగుతున్నదనుకున్న. లేచి మాట్లాడు అని అననైతి. నాది గూడ తప్పే."

"నేనూ అలాగే అనుకున్నానండీ," అన్నాను. "డైరెక్టర్ ఎదురుగా ఉన్నాడు, స్క్రీన్ మీద నా పేజీయే ఉంది..."

"నాకెందుకు చెప్తున్నవ్?" అన్నారు. కోపంగా కాదు, నాకు అడ్రసు తప్పిందని తెలియజేస్తున్నట్టు. "ఎంత పొట్టి తుపాకీ తెచ్చినా ఆ ఫోన్ మీద పనిచేయదు బిడ్డా. లోపలికి పో." కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంటి తలుపు దాకా ఉన్న పది అడుగులూ నాకు మెట్లెక్కినట్టే ఉంది. శిరీష పాపని నిద్రపుచ్చుతోంది. నిలబడే చెప్పాను. చూశాను, నీ పేరే కనిపించింది, రెండుసార్లూ నేనే కట్ చేశాను, అన్నాను. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను.

"తెలుసు," అంది. "ఎత్తకపోతే చాలాసేపు మోగుతుంది. రెండు రింగులకే ఆగిపోయింది. రెండుసార్లూ."

ఆ తొట్టిలో కూర్చుని ఆ రింగులు లెక్కపెట్టుకున్న మనిషి, మూడు వారాలుగా నా అబద్ధాన్ని వింటూ నాకు అన్నం వడ్డించింది. నేను తుపాకుల బొమ్మలు చూపిస్తుంటే తలూపింది. ఆమెకి నిద్ర పట్టనిది దొంగల వల్ల మాత్రమే కాదు. ఆ సాయంత్రం ఆమె చాలా మాటలంది. అన్నీ న్యాయమైనవే, వాటిని ఇక్కడ రాయను. ఆమె మళ్ళీ తిన్నగా నిద్రపోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అప్పటికి మేము రెండో అంతస్తులో ఉన్నాం. తుపాకీ కొనలేదు. కొనడం తప్పని ఎవరూ నిరూపించలేదు. నేను కొనబోయిన కారణం మాత్రం తప్పు.

సోమవారం సుభద్ర గారు నన్ను చూసి, "చెప్పినవా?" అన్నారు. "చెప్పానండీ," అన్నాను. తలూపి, చేతిలో ఉన్న కాగితంలోంచి నా కొత్త పేజీలో ఏడు తప్పులు అందరి ముందూ చదివారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. రెండేళ్ళ కిందట, గుండెజబ్బుతో, వారం రోజుల్లో పోయారు. శిరీష నాకంటే ఎక్కువ ఏడ్చింది.

నేనిప్పుడు టీమ్‌కి లీడ్‌ని. నా దగ్గర పనిచేసేవాళ్ళ తప్పులు రోజూ కంటపడతాయి. ప్రోగ్రాముల్లోవి కొన్ని, మనుషుల్లోవి కొన్ని. నలుగురి ముందు నోటిదాకా వచ్చిన మాటని దిగమింగడం ఆ శనివారం ఆవిణ్ణి చూసి త్వరగానే నేర్చుకున్నాను. అది తేలికే, చాలామంది దాన్నే మంచితనం అనుకుంటారు. ఆ తర్వాత ఆ మనిషితో కారు దాకా నడిచి, తాళం తీసి, తలుపు తెరవకుండా ఆగి, చెప్పాల్సింది చెప్పడం ఉంది చూశారూ, అది ఇంకా నావల్ల కావడం లేదు.