మర్ఫా మోగని ఇల్లు

పాతబస్తీ పెళ్లిళ్లలో మోగే మర్ఫా డప్పులు వినాలని, ఒక శనివారం విజయవాడ నుంచి ఆరుగురం బైకుల మీద వెళ్లాం. పురానాపూల్ దగ్గరి గల్లీలో, ముందే ఫోన్ చేసి చెప్పిన వాయిద్యకారుడు ఖాదర్ భాయ్ ఇంటి ముందు హుషారుగా హారన్లు కొట్టాం. ఆయన కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. డప్పులన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి.

“మా కొడుకు పోయి పది దినాలైందన్నా. నలభై అయ్యేదాకా మా ఇంట్ల వాయించం.”

“ఫోన్‌లో చెప్పొచ్చుగా భాయ్!”

“వస్తమన్న మెహమాన్లను రావొద్దని ఎట్లంట?”

ఎలా పోయాడని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“గిసొంటి బండి మీదనే. మీ సప్పుడు ఇని, వాడే వచ్చిండనుకొని వాని తల్లి దర్వాజ కాడికి ఉరికింది.”

బండ్లు స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ గల్లీ దాటాం. మూసీ ఒడ్డుకొచ్చాక కూడా ఎవరి చెయ్యీ తాళం మీదికి పోలేదు.