సిమ్యులేటర్ ఒక్కసారి ఆగింది

మా అమ్మ ప్రార్థన చేస్తే దయ్యాలు వదిలిపోతాయని శంషాబాద్‌లో చాలామంది నమ్ముతారు. ఉపవాస ప్రార్థన రోజున మా వరండా నిండా చెప్పులే. లోపల ఎవరో ఊగిపోతూ ఏడుస్తుంటే నేను వంటింట్లో కూర్చుని పప్పన్నం తినేదాన్ని. దయ్యం లేదు, గియ్యం లేదు, అంతా నిద్ర చాలక వచ్చే తిప్పలని అమ్మ మొహం మీదే అనేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇది దయ్యం కథ అనుకుని మాత్రం చదవకండి.

నేను చేసే పని సిమ్యులేటర్ తయారు చేయడం. అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను ఉత్త ప్రోగ్రామ్‌గా రాయడం. అసలు ఎలక్ట్రానిక్ బోర్డు చేతికి రాకముందే అది ఎలా నడుస్తుందో ఇందులో చూసుకోవచ్చు. మా కోడ్ అంతా నెట్‌లో తెరిచి పెట్టాం. ఎవరైనా చదవొచ్చు, తప్పు దొరికితే దిద్దొచ్చు. దీనికి ఒకటే ధర్మం. అవే అంకెలు ఇస్తే వెయ్యిసార్లు నడిపినా అచ్చు గుద్దినట్టు అదే జరగాలి. ఆ ఒక్క గుణం కోసం ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకున్నాను.

నాతో పాటు నరేష్ ఆ కోడ్ రాసేవాడు. కొత్వాల్‌గూడ రైతు కుటుంబం వాడిది, నన్ను అక్కా అంటాడు. రావిర్యాలలో కిరాయికి తీసుకున్న గదిలో ఇద్దరం కూర్చునేవాళ్ళం. వాడి చెల్లెలికి నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది. దగ్గరి దవాఖానలో బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ ఖాళీ లేదు. పట్నం తీసుకుపోతుంటే బిడ్డ దారిలోనే పోయింది. అప్పటి నుంచి వాడికి ఒకటే పట్టు, తక్కువ ఖర్చులో ఒక వార్మర్ చేసి ఆ దవాఖానకే ఇవ్వాలని.

వార్మర్ అంటే పెద్ద మాయేం కాదు. పైన హీటర్ ఉంటుంది, బిడ్డ ఒంటికి సెన్సర్ అంటిస్తారు. సెన్సర్ వేడి ఎంతో చెబుతుంది, దాన్ని బట్టి బోర్డు హీటర్‌ను వేస్తుంది, ఆపుతుంది. ఆ బోర్డు నమూనాను మా సిమ్యులేటర్‌లో కట్టి వారాల తరబడి పరీక్షించాం. అన్నీ పాస్. అసలు బోర్డు కూడా బాగానే నడిచింది. సోమవారం తెచ్చి అప్పగిస్తానని నరేష్ ఆ దవాఖాన డాక్టరమ్మకు మాటిచ్చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం సిమ్యులేటర్ ఊరికే ఇంకోసారి నడుస్తుంటే నేను అన్నం డబ్బా విప్పాను. స్క్రీన్ మీద కదలాల్సిన వరుసలు కదలడం లేదు. బోర్డు సెన్సర్‌ను వేడి ఎంతని అడిగింది. సెన్సర్ జవాబివ్వలేదు. బోర్డు దాని కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. హీటర్ ఆన్‌లోనే ఉంది. బిడ్డ ఒంటి వేడి అని మేం పెట్టుకున్న అంకె పైకి పోతూనే ఉంది.

మా సిమ్యులేటర్‌లో సెన్సర్ అంటే వస్తువు కాదు, నేను రాసిన నాలుగు వరుసలు. అడిగితే చెప్పడమే దాని పని, చెప్పకుండా ఊరుకోవడం నేను దానికి నేర్పనే లేదు. అవే అంకెలతో మళ్ళీ నడిపాను. ఆగలేదు. చీకటి పడేదాకా నడుపుతూనే ఉన్నాను. కంప్యూటర్ మెమరీ చెడిందేమో చూశాను, వేరే కంప్యూటర్ మీద కూడా పెట్టి చూశాను. ఎక్కడా ఏ లోపమూ లేదు.

మా పనిలో ఒక అలవాటుంది. ఎవరైనా తప్పుందని రాస్తే మళ్ళీ చేసి చూపించమంటాం. చూపించలేకపోతే ఆ ఫిర్యాదును మూసేస్తాం. నరేష్ కూడా అదే చేయమన్నాడు.

"ఒక్కపారి ఆగినదానికి గిట్ల పరేషాన్ అయితవేంది అక్కా? నీ సిమ్యులేటర్‌లనే ఏదో తప్పుంటది. నేను మాటిచ్చిన."

"ఆ ఒక్కపారి దాని కింద పసిపిల్ల ఉంటే?" అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. వాడి దగ్గర అనకూడని మాటే, కానీ వెనక్కి తీసుకోలేదు. బిడ్డకు బదులు నీళ్ళ సంచి పెట్టి, సెన్సర్ అంటించి, అసలు వార్మర్‌ను నడుస్తూ వదిలేశాం. శనివారం ఏమీ కాలేదు. నరేష్ మూతి ముడుచుకుని రోజంతా వార్మర్ ముందే కూర్చున్నాడు.

ఆదివారం నేను చర్చి నుంచి నేరుగా గదికి వచ్చేసరికి వాడు గడపలో కూర్చుని ఉన్నాడు. లోపల నీళ్ళ సంచి చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. బోర్డు సెన్సర్‌ను అడిగి, జవాబు రాక, ఆగిపోయి ఉంది. శుక్రవారం నేను చూసిన వరుస దగ్గరే.

సెన్సర్ వైరును బోర్డుకు అతికించిన సోల్డరింగ్‌లో వెంట్రుకంత చీలిక ఉంది. బాగా వేడెక్కితే విడిపోతోంది, చల్లారితే మళ్ళీ అంటుకుంటోంది. కారణం దొరికింది కదా అంటారేమో. బోర్డు ఎందుకు ఆగిందో దొరికింది, సరే. సిమ్యులేటర్ ఎందుకు ఆగింది? అందులో సోల్డరింగ్ లేదు, వైరు లేదు, వేడెక్కడానికి ఏమీ లేదు.

వైరు కొత్తగా అతికించాం. జవాబు రాకపోతే హీటర్ దానంతట అదే ఆగి, కూత పెట్టేలా ప్రోగ్రామ్ మార్చాం. జరిగింది జరిగినట్టు రాసి, మా కోడ్ చదివే వాళ్ళందరి ముందూ పెట్టాను. ఎక్కడెక్కడి వాళ్ళో తవ్వి చూశారు, ఎవరికీ అంతు చిక్కలేదు.

అమ్మకు చెబితే ఆశ్చర్యపోను కూడా లేదు. "నా మాట వినవు గదా బిడ్డా. నువ్వు వినేదానితోని చెప్పిచ్చిండు దేవుడు" అంది. ఇంకో రోజైతే గట్టిగా వాదించేదాన్ని. ఆ రోజు కంచం ముందుకు లాక్కుని పప్పన్నం కలుపుకున్నాను.

కొన్ని వారాలకు వార్మర్ దవాఖానకు చేరింది. మేం చూడటానికి వెళ్ళినప్పుడు దాని కింద ముందురోజు పుట్టిన పాప ఉంది, జానెడు లేదు. నరేష్ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నేను హీటర్ కింద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. ఆ శుక్రవారం సిమ్యులేటర్ ఎందుకు ఆగిందో నాకు తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. ఆగకపోయి ఉంటే ఏమయ్యేదో మాత్రం, ఆ పాప కాళ్ళు ఆడిస్తుంటే చూస్తూ, ఊహించుకోవడానికి ధైర్యం చాలలేదు.