జేబులో మూడు ఫ్యూజులు

ఆయన పోయాక చొక్కాలు బయటికి తీస్తే, ప్రతిదానికీ ఎడమ జేబు అడుగున మళ్లీ కుట్టిన గుర్తు కనిపించింది. లిఫ్టులు బాగుచేసేవాడు. పని మొదలుపెట్టే ముందు పైన మిషను గదిలో మెయిన్ స్విచ్ ఆపి, మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి ఆ జేబులో వేసుకునేవాడు. స్విచ్ ఎవడైనా వేస్తాడు, నా జేబులో చెయ్యి పెట్టడు కదా అనేవాడు. తోటివాళ్లు "పిరికి మేస్త్రి" అని పేరు పెట్టారు. ఆయన కాదనలేదు. పనిలో చేరిన ఇరవై ఏళ్ల తరువాత కూడా గోడ పట్టుకుంటే తప్ప లిఫ్టు గుంతలోకి తొంగిచూసేవాడు కాదు.

ఓ రోజు మధ్యాహ్నం ఒక ఆరంతస్తుల ఆఫీసులో లిఫ్టు రెండో అంతస్తు దాటి ఆగిపోయింది. లోపల ఉబ్బసం ఉన్న పెద్దావిడ. పిల్లికూతలు బయటికి వినిపిస్తున్నాయి. ఆయన చేరేసరికే, ఆయనతో పనిచేసే బావమరిది తలుపు తెరిచేశాడు. లిఫ్టు నేల ఛాతీ ఎత్తున ఉంది, దాని కింద చీకటి గుంత.

"ఎక్కుతున్నా బావా, కాలు పట్టుకో."

"ఆగరా. ఫ్యూజులు తీసుకొస్తా."

మేనేజరు అడ్డొచ్చాడు. "నాలుగంతస్తులు ఎక్కి దిగుతావా? ఈలోగా ఆవిడకేమైనా అయితే పూచీ ఎవరిది? మీవాడి ధైర్యంలో సగం కూడా లేదేంటయ్యా నీకు?"

"లేదండీ," అన్నాడాయన. "ఒరేయ్, నేనొచ్చేలోపు ఎక్కావంటే మీ అక్కతో చెప్తా. అమ్మా, అంచుకు రాకండి."

"నేనెక్కడికి పోతాను నాయనా," అంది పెద్దావిడ, ఒక్కో మాటకూ ఆగుతూ.

పైన చెమట చేతుల్లోంచి ఒక ఫ్యూజు జారింది. వెతికి తీసుకుని పరుగున దిగాడు. ఐదో అంతస్తులో పిల్లికూత వినిపించింది. నాలుగులో వినిపించింది. మూడులో వినిపించలేదు. నా వల్లే పోయిందేమో అనుకున్నాడు.

ఆవిడ గోడకి ఆనుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి, కళ్లు మాత్రం కదులుతున్నాయి. బావమరిది ఎక్కి ఆవిడను బావ చేతుల మీదికి దించాడు. తరువాత తాను బోర్లా జారుతూ, నడుము అంచు మీద ఉండగా, పైనుంచి వాచ్‌మన్ కేక వినిపించింది.

"సార్, మీరు చెప్పినట్టే స్విచ్ వేశాను. కదిలిందా?"

మేనేజరు నేలచూపులు చూశాడు. బావమరిది బావ జేబు వైపు చూశాడు.

పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్లాక ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు.

"మెయిన్ తియ్యాలని నాకూ తెలుసు బావా. ఆ మేనేజరు ముందు అనలేకపోయాను."

"నాకు భయం దాచుకోవడం చేతకాదురా, అంతే," అన్నాడాయన.

ఫ్యూజులు తిరిగి పెట్టడానికి బావమరిదే వెళ్లాడు. పెట్టేముందు పైనుంచి అరిచాడు.

"బావా, అందరూ బయటే ఉన్నారా?"

"ఉన్నారురా."

"నువ్వో?"

"నేనూ బయటే ఉన్నాను. పెట్టు."