పిల్లికి తలుపు బొమ్మ

సౌదీలో, షరఫియా బజారులో పటాలు కట్టే జగిత్యాల అన్న ఏ బొమ్మకైనా ఫ్రేము బిగించాక, ముందు కిందికి దించి దుకాణంలో పెరిగిన పిల్లికి చూపించేవాడు. "ఏమే, ఇది మంచిగున్నదా?" అని అడిగేవాడు.

"చేపల బొమ్మ చూపియ్యరాదే అన్నా" అని నేను నవ్వితే, "దానికి చేపలొద్దు తమ్మీ. ఓరగ తెరిసిన తలుపు గావాలె" అన్నాడు.

"మరి నీకు?"

అన్న పటం అద్దం తుడవసాగాడు.

పనిలో సౌదీవాళ్లు సరిపడా లేరని, స్థానికులకిచ్చే ఉద్యోగాల లెక్క చూసే నితాఖత్‌లో దుకాణం రెడ్‌లో పడింది. అన్న అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ కాలేదు. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లే రోజు, నా ముందే ఓ తలుపు బొమ్మకు పటం కట్టి, గోడకు నేల నుంచి జానెడెత్తులో తగిలించాడు.

తర్వాతి శుక్రవారం వెళ్లాను. షట్టర్‌కు తాళం వేసి ఉంది. తలుపు బొమ్మ లోపలే ఉండిపోయింది. పిల్లి బయట కూర్చుని షట్టర్‌నే చూస్తోంది.