నేనున్నాగా బాబాయి

మా బాబాయికి ఒక జబ్బుంది. దానికి మందు లేదు. ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడుతుంటే చాలు, మధ్యలో "నేనున్నాగా!" అని దూరిపోవాలి. దూరకపోతే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. పిన్ని "గ్యాస్ అయిపోయేట్టుందండీ" అన్నా నేనున్నాగా, పక్కింటాయన "వానొచ్చేట్టుంది" అన్నా నేనున్నాగా. వానకు ఈయనేం చేస్తాడని ఎవరూ అడగరు. అడిగితే దానికీ అదే జవాబు.

ఈ జబ్బు వృత్తిలో అంటుకుంది. బాబాయి డబ్బింగ్ ఆర్టిస్టు. పిల్లల బొమ్మల సీరియళ్ళలో పిడుగువీరుడని ఒక మహాబలుడున్నాడు. ఆకాశంలో ఎగురుతాడు, కొండలు పిండి చేస్తాడు. వాడి పక్కన మిణుగురు అని ఒక సహాయకుడుంటాడు. వీడికి ఎగరడం రాదు, కొట్టడం రాదు. పిడుగువీరుడు చిక్కుల్లో పడ్డప్పుడల్లా "నేనున్నాగా!" అని ముందుకు దూకి, వెంటనే గోతిలో పడతాడు. ఆ గొంతు మా బాబాయిది. ఊతపదం వాడి దగ్గర్నుంచి ఈయనకొచ్చిందా, ఈయన దగ్గర్నుంచి వాడికి పోయిందా అన్నది ఇప్పుడు తేల్చడం కష్టం.

ఆ బొమ్మలకు తెలుగు మాటలు రాసేది నేను. కాబట్టి నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ మనిషితో ఇంటా బయటా వేగినదాన్ని, ఆయన సంగతి చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంటుంది?

మిణుగురుకు ఎన్ని అవతారాలో! మొదటి సీరియల్లో పిడుగువీరుడి నడుం దాకా వచ్చే బొద్దు బుడతడు. రెండోదానికి బొమ్మలు గీసేవాళ్ళు మారారు, వాణ్ణి పొడుగ్గా సాగదీసి, ఎప్పుడూ అలిగి మూల కూర్చునేవాడిగా చేశారు. ఆ అలక గొంతులోకి రావాలని బాబాయి వారం పాటు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా సాధన చేశాడు. పిన్ని ఆ వారాన్ని ఇప్పటికీ తలుచుకుని మురిసిపోతుంది. తర్వాత ఒక సినిమాలో మిణుగురు మరమనిషి. ఇంకో సినిమాలో అసలు మాటే లేదు, ఉత్త సైగలే. బాబాయి దానికీ స్టూడియోకి వచ్చి "హా", "హూ" అని నిట్టూర్పులిచ్చి వెళ్ళాడు.

ఒకసారి మిణుగురును ఆడపిల్లను చేశారు. స్టూడియోవాళ్ళు వేరే గొంతు వెతుకుతుంటే బాబాయి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మిణుగురు నాది."

"బాబాయ్, అది ఆడపిల్ల."

"అయితే? పక్కన నిలబడ్డానికి ఆడేంటి, మగేంటి? గొంతు సన్నం చేస్తా."

చేశాడు. రెండు మాటలయ్యేసరికి సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్ తీసేసి రెండు చేతులూ జోడించాడు. ఆ పాత్ర ఒక కాలేజీ అమ్మాయికి వెళ్ళింది. బాబాయి ఊరుకున్నాడా? పిలవకుండానే రోజూ వచ్చి ఆ అమ్మాయికి పాఠాలు మొదలుపెట్టాడు.

"'గా' దగ్గర గొంతు లేవాలి తల్లీ. లేవకపోతే మాటిచ్చినట్టుండదు, క్లాసులో హాజరు పలికినట్టుంటుంది. ఏదీ, అను."

పాపం ఆ పిల్ల అంది. మళ్ళీ అంది. సాయంత్రానికి దానికి గొంతు బొంగురుపోయి, మర్నాడు రికార్డింగ్ వాయిదా పడింది.

సైడు క్యారెక్టరు అనే మాట మాత్రం ఆయన చెవిన పడకూడదు. ఒక విలేకరి తెలియక, "ఇన్నేళ్ళుగా తోక పాత్రలే చేశారు కదా, విసుగు రాలేదా?" అని అడిగాడు.

"తోక లేకుండా గాలిపటం ఎగరేసి చూపించండి. అప్పుడొచ్చి మాట్లాడతా," అని బాబాయి లేచి వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు. ఆ టీ నేను తాగాను.

ఇక పిడుగువీరుడి గొంతు సంగతి. ఆయన్ని స్టూడియోలో అందరూ సింహం అంటారు. కొట్లో అగ్గిపెట్టె అడిగినా యుద్ధం ప్రకటించినట్టుంటుంది. ఇద్దరూ ఒకే ఏడు ఈ పనిలో చేరారు, అరేయ్ ఒరేయ్ అనుకునే స్నేహం. ఇప్పుడు డబ్బింగ్ అంతా ఎవరికి వాళ్ళు విడివిడిగా వచ్చి చెప్పి వెళ్ళే పద్ధతి. వీళ్ళిద్దరు మాత్రం ఒకే మైకు ముందు నిలబడాల్సిందే. అది బాబాయి పట్టు.

"పక్కవాడు పక్కన కాకపోతే ఇంకెక్కడుంటాడు?" అనేవాడు. ఈమధ్య నిలబడటం కూడా సింహం మోచెయ్యి పట్టుకుని నిలబడేవాడు. ఎక్కడ ఆయన్ని పక్కకు లాగేసి మైకు మింగేస్తాడోనని మా భయం.

మా పనిలో ఒక వెసులుబాటుంది. తెర మీద పాత్ర నోరు కనబడుతుంటే పెదవులు కదిలినంతసేపే మాట ఉండాలి. వీపు కనబడుతుంటే ఆ బాధ లేదు, వీపుకు పెదవులుండవు కదా. ఏ మాటైనా ఇరికించొచ్చు. మేం దాన్ని వీపు డైలాగు అంటాం. నేను దాన్ని అవసరానికి వాడేదాన్ని, బాబాయి దోపిడీకి వాడేవాడు.

సింహం ఆ మధ్య పెద్ద జబ్బు చేసి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. ఆయన తిరిగొచ్చాక బాబాయి దోపిడీకి హద్దు లేకుండా పోయింది. అంతకుముందు ఎపిసోడుకు ఒకటో రెండో నేనున్నాగాలు. ఇప్పుడు సింహం నోరు తెరిస్తే చాలు.

"ఓ చీకటి రాజా! ఈ కోట గోడలు దాటి..."

"నేనున్నాగా!"

"...నువ్వు ప్రాణాలతో పోలేవు!"

"నేనున్నాగా!"

నాకు ఒళ్ళు మండిపోయేది. "బాబాయ్, ఆయన్ని ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవా?"

"ఆయనంతా పూర్తి చేసేస్తే నాకేం మిగుల్తుందే?"

"నీకు సిగ్గనిపించదూ?"

"వాడే ఏమీ అనట్లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నిజమే, సింహం ఏనాడూ ఏమీ అనలేదు. మీసాల్లో నవ్వుకుని ఊరుకునేవాడు. వయసు మీద పడేకొద్దీ మీ బాబాయికి ఆశ పెరిగిపోతోందని స్టూడియోలో అందరూ నాతోనే అనేవారు. ఆయన బంధువుని కాబట్టి ఆ మాటలన్నీ నేనే పడ్డాను.

ఇలా ఉండగా పిడుగువీరుడి పెద్ద సినిమా ఒకటి వచ్చింది. దాంతోపాటు కంపెనీ తరఫున ఒక కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడే గానీ మొహంలో నవ్వన్నది లేదు. వస్తూనే అందరి ముందూ చెప్పేశాడు.

"పిడుగువీరుడికి కొత్త గొంతు చూద్దామనుకుంటున్నాం. పాతాయన జబ్బు మనిషని విన్నాను. అయినా న్యాయంగా ఒక అవకాశం ఇస్తాం. చివరి యుద్ధం డైలాగు ఆయనొక్కరే చెప్పాలి. బాగుంటే ఆయన్నే ఉంచుతాం, లేకపోతే ఇక సెలవు."

సింహం తల ఊపాడు. ఆ గొంతు తప్ప ఆయనకు వేరే పని తెలియదు. వేరే పని చూసుకునే వయసూ కాదు.

"నేనూ లోపలికెళ్తా," అన్నాడు బాబాయి.

"ఆ సీన్లో మిణుగురు లేడండీ," అన్నాడు మేనేజరు. "భవనం కూలింది. వాడు రాళ్ళ కింద ఉన్నాడు."

"కిందుంటే లేనట్టా?"

"మీరు కూర్చోండి సార్."

బాబాయి కూర్చున్నాడు. ఆయన ఒకరి మాట విని కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి, నాకే భయమేసింది.

సింహం ఒక్కడూ గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది, పైన ఎర్ర దీపం వెలిగింది. అద్దం ఇవతల మేమంతా. తెర మీద పిడుగువీరుడు మాకు వీపు పెట్టి, శత్రువు వైపు తిరిగి నిలబడ్డాడు. సింహం అందుకున్నాడు.

"ఓ చీకటి రాజా! ఈ నగరంలో ఒక్క దీపం వెలుగుతున్నంతవరకు, ఒక్క పసివాడు నిద్రలో నవ్వుతున్నంతవరకు..."

ఆగిపోయాడు. ఇంకా ఒక్క తలుపు తెరుచుకుంటున్నంతవరకు అని ఉంది, ఆ తర్వాత నీకు ఇక్కడ చోటు లేదని ఉంది. అంత పొడుగు వాక్యం రాసిన మహాతల్లిని నేనే.

"మళ్ళీ," అన్నాడు మేనేజరు.

మళ్ళీ అక్కడే ఆగాడు. ఈసారి మైకు స్టాండు పట్టుకున్నాడు. ఇంజనీరు తల దించుకుని మీటలు తుడవడం మొదలుపెట్టాడు. మేనేజరు ఫోన్ తీశాడు.

"ఆఖరుసారి."

"...ఒక్క పసివాడు నిద్రలో నవ్వుతున్నంతవరకు..."

తలుపు తెరుచుకుంది. ఎర్ర దీపం వెలుగుతుండగా తలుపు తియ్యడమంటే మా వృత్తిలో అంతకు మించిన పాపం లేదు. చప్పుడవుతుందని చెప్పులు బయటే విడిచి, బాబాయి లోపలికెళ్ళి సింహం మోచెయ్యి పట్టుకున్నాడు.

"నేనున్నాగా!"

"...ఒక్క తలుపు తెరుచుకుంటున్నంతవరకు..."

"నేనున్నాగా!"

"...నీకు ఇక్కడ చోటు లేదు!"

అద్దం అదిరింది.

మేనేజరు ఎగిరి లేచాడు. "ఆపండి! ఎవరండీ ఈయన్ని లోపలికి పంపింది?"

బాబాయి అంతకు రెట్టింపు కేకతో బయటికొచ్చాడు. "నన్నెవరు పంపుతారయ్యా? నేనే వెళ్ళా! మిణుగురు లేకుండా చివరి యుద్ధమా? సిగ్గుండాలి!"

"వాడు రాళ్ళ కింద ఉన్నాడండీ బాబూ!"

"రాళ్ళ కింద నోరు కనబడుతుందా?"

"కనబడదు."

"కనబడని నోటికి పెదవులు కలపక్కర్లేదు. మరి మీకొచ్చిన నష్టమేంటి?"

"స్క్రిప్టులో లేదు!"

"స్క్రిప్టు రాసేది మా అమ్మాయే. రాస్తుంది!"

అందరూ నా వైపు తిరిగారు. నేను మాత్రం అద్దం వైపు చూస్తున్నాను. లోపల సింహం స్టూలు మీద కూర్చుని, ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఎగశ్వాస తీస్తున్నాడు. ఆయన్ని ఎవరూ చూడటం లేదు. చూడకుండా బాబాయి ఇక్కడ గొంతు చించుకుంటున్నాడు.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. బాబాయి ఏనాడైనా చీకటి రాజు మాటల్లో దూరాడా? ఇంకే ఆర్టిస్టు మాటల్లోనైనా దూరాడా? లేదు. సింహం వాక్యాల్లోనే, అదీ ఊపిరి అందనిచోటే. అది తెలియడానికే ఆ మోచెయ్యి పట్టుకోవడం. ఇంట్లో అది జబ్బే, నేను కాదనను. స్టూడియోలో మాత్రం అదే మందు. ఆశపోతు అని లోకమంతా అంటుంటే, ఆ పేరు తన నెత్తిన వేసుకుని, స్నేహితుడి ఊపిరి సంగతి బయటపడకుండా ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కూడా చెప్పనందుకు ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"స్క్రిప్టులో ఉందండీ," అన్నాను.

"ఎక్కడ?"

"ఇదిగో, రాస్తున్నాగా." పెన్ను తీశాను. "చూడండి, మిణుగురు చచ్చిపోయాడని పిల్లలంతా ఏడుస్తుంటారు. అప్పుడు రాళ్ళ కింద నుంచి వాడి గొంతు వినబడుతుంది. వినడానికే పిడుగువీరుడు ఆగుతాడు. ఆయన ఆగడం తప్పు కాదు, ఈ సీను ఉన్నదే అందుకు. వీపు షాటే కాబట్టి పెదవుల గొడవా లేదు."

షాటు నిడివిలో పట్టడానికి 'ఒక్క తలుపు తెరుచుకుంటున్నంతవరకు' కొట్టేశాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క అది. ఇంజనీరు నేనడక్కుండానే ఆ టేకు కత్తిరించి, అతికించి వేశాడు. మేనేజరు నిలబడి చూశాడు. కూర్చుని మళ్ళీ చూశాడు. మూడోసారి చూసి మొహం తుడుచుకున్నాడు.

"రాళ్ళ కింది గొంతు కదా, కాస్త మూసుకుపోయినట్టు రావాలి," అన్నాడు ఇంజనీరుతో. తర్వాత గొంతు సవరించుకుని, "సరే, సినిమా మొత్తం ఇద్దరూ కలిసే చెప్పండి. ఇంతకీ ఎన్ని నేనున్నాగాలు కావాలి మీకు?" అని బాబాయిని అడిగాడు.

"ఎన్ని పడితే అన్ని," అన్నాడు బాబాయి. ఒక్కటి కూడా తగ్గలేదు.

మేనేజరు నా వైపు వంగి, "ఈయనకి డైలాగుల పిచ్చి మరీ ఎక్కువండీ," అన్నాడు.

"అవునండీ," అన్నాను. "చాలా ఎక్కువ."

విరామంలో బాబాయిని వరండాలో పట్టుకున్నాను. "ఎన్నాళ్ళుగా ఇలా? ఆయనకు ఊపిరి అందట్లేదని..."

"ఊపిరేంటి? ఎవరికి అందట్లేదు? వాడికి కొండలెత్తే ఊపిరుంది! నాకు డైలాగులు చాలక దూరా. ఆశపోతుని. ఇంకోసారి ఆ మాటన్నావంటే ఊరుకోను," అని కళ్ళెర్రజేసి టీ తేవడానికి వెళ్ళిపోయాడు.

ఆయనటు వెళ్ళగానే సింహం వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినా వరండా అంతా వినబడింది.

"మీ బాబాయి మీద కోప్పడకమ్మా. పెద్ద పాత్ర ఒక్కటీ దక్కలేదు కదా, వాడికి మాటలంటే ఆశ. అందుకని..." ఆగి, గాలి తీసుకున్నాడు. "అందుకని నేనే కావాలని మధ్యమధ్యలో ఆగుతుంటా, పాపం దూరనీలే అని. ఈ సంగతి వాడికి మాత్రం చెప్పకు. రోషం మనిషి, మళ్ళీ..."

మళ్ళీ ఆగాడు. వరండా ఆ చివర, మూడు టీలు పట్టుకుని వస్తున్న బాబాయి, మేం దేని గురించి మాట్లాడుకుంటున్నామో ఏమీ తెలియకుండానే కేకేశాడు.

"నేనున్నాగా!"

"చూశావా?" అన్నాడు సింహం. "ఉండలేడు."