వెనక్కి పంపిన తాంబూలం

పెద్దాపురం దిగువన ఒక జమీ ఉండేది. జమీందారు పోయాక గద్దె ఎవరిదని తగాదా వచ్చింది. తమ్ముడు కోటలో కూర్చున్నాడు. దత్తపుత్రుడి తరఫున రాణిగారు కాలవగట్టు మీది తోట బంగళాలో కూర్చున్నారు. కలెక్టరు కచేరీ తమ్ముడివైపు మొగ్గింది, ఊళ్లు మాత్రం రాణిగారి మాటే వింటున్నాయి. ఆమెతో మాట్లాడి రమ్మని ఒక చిన్న దొరను పంపారు. దుబాసీగా నేను వెంట వెళ్లాను. ఆయన టోపీ నీడలో పెళ్లి పందిరి వేయవచ్చు.

పడవలోనే చెప్పాను: "సెలవిచ్చేటప్పుడు తాంబూలం ఇస్తారండి. ఈ జమీలో ఆ హక్కు గద్దె మీద ఉన్నవారిదే. పుచ్చుకుంటే ఆమెను ఒప్పుకున్నట్టే."

"పుచ్చుకోకపోతే?"

"నలుగురిలో కాదన్నట్టండి."

దొర ముఖం గోదావరి వరదనీరంత ఎర్రబడింది. "మాట్లాడమన్నారు గాని ఒప్పుకోమనలేదు" అన్నాడు.

బంగళా ముందు లంకలన్నీ ఖాళీ చేసి వచ్చినట్టు రైతులు నిలబడి ఉన్నారు. రాణిగారు తెర వెనకనుంచి ఒక్కటే అడిగారు: కోర్టు తేల్చేదాకా కోటకు తాళం వేయించమని. దొర శ్రద్ధగా విన్నాడు. అంతలో దివానుగారు, ఆయనకన్నా ముందు ఆయన మీసం, వెండిపళ్లెంలో తాంబూలంతో వచ్చారు. దొర నావైపు చూశాడు. నేను పళ్లెంవైపు చూశాను.

"దివానుగారూ, పళ్లెం లోపలికి పంపండి" అన్నారు రాణిగారు. "దొరగారు ఎండనపడి వచ్చారు. బొండాం కొట్టించండి."

"అమ్మా, జనం చూస్తున్నారండి!"

"చూడనివ్వండి. ఆయన్ని ఇరుకునపెడితే మన మాట కచేరీదాకా వెళ్లదు."

దొర బొండాం తాగి, ఆమె అడిగినది ఉన్నదున్నట్టు రాస్తానన్నాడు. అదే తెలుగులో చెప్పాను. అయితే గుమ్మం బయటివాళ్లకు నా తెలుగు వినబడలేదు, వెనక్కి వెళ్లిన పళ్లెం కనబడింది.

"అమ్మగారు హక్కు ఒదిలేసుకున్నారండోయ్" అన్నాడొక రైతు.

"మరి మనమెందుకండీ ఇక్కడ?" అన్నాడు పక్కవాడు.

కండువాలు దులుపుకుని ఒక్కొక్కరే కోట దారి పట్టారు. దివానుగారు కేకలేసినా వెనక్కి తిరగలేదు.

దొర మాట నిలబెట్టుకున్నాడు. కోటకు తాళం వేయమని ఉత్తరువు వచ్చింది. బంగళాలో దాన్ని చదివింది నేనే. వినడానికి దివానుగారు, తెర వెనక రాణిగారు, ఆమె ఒళ్లో నిద్రపోతున్న దత్తపుత్రుడు తప్ప ఎవరూ లేరు.

అంతా విన్నాక ఆమె మెల్లగా అన్నారు: "కోట దగ్గర కూడా చదవండి బాబూ. మావాళ్లందరూ అక్కడే ఉన్నారు."