ఆఫీసు కింది దారి

మా ముత్తాత మోతెలో పటేల్. పొలం గట్ల తగాదాలు పోలీసు స్టేషన్‌కు వెళ్లేవి కావు, మా వాకిట్లోనే తేలేవి. సాగర్ కాలువ నీళ్లు వచ్చాక మా తాత మిర్యాలగూడకు వచ్చి రైస్ మిల్లు పెట్టారు. తరువాత సూర్యాపేటలో ఇంకో మిల్లు, కోదాడలో గోదాములు. వాటన్నిటికీ హెడ్డాఫీసుగా ఆరంతస్తుల బిల్డింగ్ కట్టించారు. అప్పట్లో ఊళ్లో అంత ఎత్తయినది మరొకటి లేదు. కలెక్టర్ వచ్చినా మా లిఫ్టు ఎక్కి పైకి వచ్చి టీ తాగి వెళ్లేవాడు. మేము ఆయన ఆఫీసుకు వెళ్లింది లేదు.

ఆ బిల్డింగ్‌కు ముందు బజారు, వెనక మిల్లుల వీధి, దాటితే రైల్వే స్టేషన్. మిల్లు కూలీలు చుట్టూ తిరిగి పోవాల్సి వస్తుందని తాత కింది అంతస్తు మధ్యలోంచి ఒక దారి వదిలారు. రెండు వైపులా ఇనుప గేట్లు పెట్టించారు గానీ అవి ఏడాదంతా తెరిచే ఉండేవి. ఒక్క దీపావళి రోజు మాత్రం పొద్దున్నుంచి చీకటి పడేదాకా రెండు గేట్లకూ తాళం వేసి, దారి మధ్యలో కుర్చీ వేసుకుని తానే కూర్చునేవారు. లక్ష్మీ పూజ కోసమని జనం అనుకునేవారు. పూజ పై అంతస్తులో జరిగేది. దారి మాదేనని ఏడాదికోసారి గుర్తు చేయడానికే ఆ తాళం.

తాత పోయాక మొదటి దీపావళికి మా నాన్న తాళం తీసుకురానివ్వలేదు. "పండగ పూట కూలోడి ముందర గేటు ఎయ్యడం మన ఇంటికి తగదు" అన్నారు. ఆ తరువాత ఆ గేట్లు మళ్లీ మూయలేదు. ఊరంతా నాన్నను మెచ్చుకుంది. మెప్పు మాకు కొత్త కాదు కాబట్టి ఎవరం పెద్దగా పట్టించుకోలేదు.

నా చేతికి వచ్చేసరికి మిల్లులు కిరాయికి పోయాయి, గోదాములు పోయాయి. హెడ్డాఫీసు గోడలు చెమ్మెక్కాయి, లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఆ స్థితిలో కోదాడ నుంచి ఒక బిల్డర్ వచ్చాడు. పాతది పడగొట్టి పద్నాలుగు అంతస్తులు కడతానన్నాడు. కింద పార్కింగ్, మధ్యలో కిరాయి ఆఫీసులు, పై రెండు అంతస్తులు మావి, నెత్తిన మా కంపెనీ పేరు. అది జరగకపోతే బిల్డింగ్ అమ్మేద్దామని సూర్యాపేటలో ఉండే మా తమ్ముడు ముందే చెప్పాడు. నేను ఆ పేరు కోసం ఒప్పుకున్నాను. దాచడానికేమీ లేదు.

ప్లాన్ మున్సిపాలిటీకి వెళ్లింది. అభ్యంతరాలుంటే చెప్పమని బోర్డు పెట్టారు. ఆ మర్నాటికల్లా హమాలీలు, మిల్లుల్లో చెరిగే ఆడవాళ్లు, స్టేషన్ ముందు ఇడ్లీ బండ్ల వాళ్లు ఒక్కటయ్యారు. పార్కింగ్ కోసం తవ్వితే దారి పోతుంది, దారి ఉంచాల్సిందేనని వాళ్ల డిమాండ్. మా దారి గురించి మాకే డిమాండ్!

విచారణ రోజు మున్సిపల్ ఆఫీసు హాల్లో ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. నేను నిలబడే ఉన్నాను. పక్కన నిలబడిన బిల్డర్ నా చెవిలో చెప్పాడు. "అయ్యా, జనం నడిచే దారిని ఏళ్ల తరబడి ఒక్కరోజైనా మూయకపోతే అది వాళ్లదే అంటారండి. ఏటా దీపావళికి ఇప్పటికీ మూస్తున్నామని చెప్పండి, చాలు. కాదనే కాగితం ఎవరి దగ్గరా లేదు."

వెనక నుంచి ఒక హమాలీ అరిచాడు. "పటేలా, పాత లిఫ్టే మూడో అంతస్తుల పండుకుంది. కొత్తది మబ్బులదాకా పోతదా?"

"పోతది, పద్నాలుగో అంతస్తుకెళ్లి సూస్తే మోతె కనబడ్తదంట! పాత పటేల్‌గిరి గాడనే ఉంది గద" అన్నాడు ఇంకొకడు. హాలంతా నవ్వింది. కమిషనర్ కూడా నవ్వును దాచుకోలేదు.

అప్పుడు చెరిగే ఆడవాళ్లలో పెద్దామె లేచింది. మా మిల్లులోనే తల నెరిసిన మనిషి. "నవ్వకుండ్రి జర. పటేలా, మీ తాత ఏడాదికోపాలి తాళమేసేటోడు. నేను పిల్లనెత్తుకోని సుట్టు తిరిగి పోయేదాన్ని. మీ నాయిన అచ్చినంక తీసిపెట్టిండు. గందుకే ఇయ్యాలటికీ ఆయన పేరు సెప్పుకుంటం. అవునా, కాదా, నువ్వే సెప్పు."

కమిషనర్ నా వైపు తిరిగాడు. "చెప్పండి. ఇప్పటికీ మూస్తున్నారా?"

మూస్తున్నామంటే పద్నాలుగు అంతస్తులు లేస్తాయి. కానీ అందరి ముందు మా నాన్న చేసిన పనిని లేదనాలి. ఒక బిల్డర్ నేర్పిన అబద్ధాన్ని, మా మిల్లు కూలీ ఎదుట, మా నోటితో. బిల్డర్ నా మోచేయి గిల్లాడు.

"లేదు. మా నాన్న తెరిచారు. తెలిసే తెరిచారు. మా ఇంట్లో ఇచ్చింది వెనక్కి తీసుకోం" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు అవసరం లేదు.

దారిని ప్రజల దారిగా రాసుకున్నారు. దాని కింద తవ్వకూడదు, పైన కట్టకూడదు. స్థలం రెండు ముక్కలైంది. మిగిలిన ముక్కల్లో నాలుగంతస్తులకు మించి పర్మిషన్ రాదన్నారు. బిల్డర్ ఆ సాయంత్రమే కోదాడ వెళ్లిపోయాడు. తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఒక్క మాటతోటి ఖతం చేసినవ్ గదనే అన్నా. నాయిన పేరు నిలబెట్టినవ్, సరే. కంపెనీ పేరు యాడ నిలబెడతవ్?"

నాన్న పేరు చెప్పుకుంటామన్న వాళ్లలో ఒక్కరు కూడా తరువాత మా మెట్లెక్కలేదు. దారి కోసం గొంతు చించుకున్నవాళ్లే ఇప్పుడు అందులో బైకులు అడ్డం పెట్టుకుంటున్నారు. గోడల మీద పాన్ ఉమ్ముతున్నారు. ఆ పెద్దామె బైకుల మధ్య పక్కకు తిరిగి, ఒళ్లు ముడుచుకుని నడుస్తుంది. బైకులు తీయించమని నేను మున్సిపాలిటీకి చెప్పాను. అది మీ స్థలం కాదు కదా అన్నారు.

మొన్న వేసవిలో హెడ్డాఫీసును ఒక బట్టల దుకాణం వాళ్లకు అమ్మేశాం.